నర్సింగ్ హోమ్‌లో మావారు

"ఆయన్ని నర్సింగ్ హోమ్‌కి మార్చారు అత్తయ్యా" అని ఫోన్లో చెప్పినప్పుడు మా అత్తయ్యగారు ఏమాత్రం కంగారుపడలేదు. "మంచి పని చేశారమ్మా. పెద్దాసుపత్రిలో ఎవరూ పట్టించుకోరు. నర్సింగ్ హోమ్ అయితే డాక్టరుగారు దగ్గరుండి చూసుకుంటారు" అన్నారు. ఆవిడకి తెలిసిన నర్సింగ్ హోమ్ తెనాలిలో ఉంటుంది. కింద మందుల షాపు, పైన పది మంచాలు, మధ్యాహ్నమయ్యేసరికి క్యారియర్లతో వచ్చే చుట్టాలు. మావారు పుట్టింది కూడా అలాంటి చోటే.

అదే మాట ఇక్కడ ఎడిసన్‌లో మా పక్కింటి అక్కకి చెబితే, ఆవిడ చేతిలో కాఫీ కప్పు కింద పెట్టేసింది. "నలభై రెండేళ్ల మనిషిని అక్కడ పెట్టడమేంటి? అది ముసలివాళ్లని వదిలేసే చోటు కదా!" అంది.

ఇద్దరూ చెప్పింది అసలు సంగతి కాదు. దాని పూర్తి పేరు స్కిల్డ్ నర్సింగ్ ఫెసిలిటీ. ఆస్పత్రిలో ఉంచాల్సినంత జబ్బు లేదు, ఇంటికి వెళ్లి నెగ్గుకొచ్చేంత ఓపికా లేదు. ఆ మధ్యలో ఉన్నవాళ్లని కొన్ని వారాలు ఉంచుకుని నర్సులు మందులూ కట్లూ చూస్తారు, థెరపిస్టులు నడక నేర్పిస్తారు. చాలాచోట్ల ఒకే భవనంలో ఒక వైపు శాశ్వతంగా ఉండే పెద్దవాళ్లు, ఇంకో వైపు ఇలా కొన్నాళ్లకి వచ్చేవాళ్లు ఉంటారు. అందుకే ఆ పేరు వినగానే అందరికీ గుండె జారిపోతుంది. నాకూ జారింది.

పోయిన నవంబరులో ఒక ఆదివారం మావారు గటర్లో ఆకులు తీయడానికి నిచ్చెన ఎక్కారు. "మనిషిని పిలుద్దామండీ" అన్నాను. "దీనికి రెండొందల డాలర్లా?" అన్నారు. నిచ్చెన జారింది. ఎడమ తుంటి దగ్గర కటి ఎముక, ఎడమ మణికట్టు విరిగాయి. ఆపరేషన్ చేసి ప్లేట్లు వేశారు. ఎనిమిది వారాల దాకా ఎడమ కాలు నేల మీద మోపకూడదన్నారు. చెయ్యి కూడా విరగడంతో చంకకర్రలు పట్టుకోవడానికీ లేదు, మామూలు వాకర్ పట్టుకోవడానికీ లేదు. మా ఇంట్లో పడకగదులన్నీ పైన. కింద ఉన్నది స్నానానికి చోటులేని చిన్న బాత్రూము. పాపకి ఎనిమిదేళ్లు, బాబుకి నాలుగు.

ఆరో రోజు మధ్యాహ్నం ఆస్పత్రి కేస్ మేనేజర్ ఒక జాబితా తెచ్చి ఇచ్చింది. "రేపు పొద్దుటికి మూడు పేర్లు చెప్పండి" అంది. రిహాబ్ ఆస్పత్రికి పంపరా అని అడిగాను. అక్కడ సాధారణంగా రోజుకి మూడు గంటల థెరపీ తట్టుకోగలగాలట. ఈయన అరగంట కూర్చోలేకపోతున్నారు.

పెళ్లిసంబంధానికి కూడా ఇంతకంటే ఎక్కువ టైమిస్తారు కదా! ఆ రాత్రి మెడికేర్ వాళ్ల కేర్ కంపేర్ వెబ్‌సైట్లో స్టార్లు చూశాను. మా ఇన్సూరెన్స్ నెట్‌వర్క్‌లో ఉన్నవి ఏరాను. పిల్లల్ని వదిలి వెళ్లలేక, నా ఫ్రెండ్‌ని రెండు చోట్లకి పంపాను. ఆమె చేసిన పనే అన్నిటికంటే అక్కరకొచ్చింది. లోపలికి వెళ్లగానే వాసన చూసింది, బెల్ మోగితే ఎంతసేపటికి మనిషి వస్తున్నారో హాల్లో నిలబడి గమనించింది. "రెండోది మేలు. లోపల వాసన లేదు, మనుషులు నవ్వుతూ ఉన్నారు" అని మెసేజ్ పెట్టింది. దాన్నే రాసిచ్చాను.

మొదటి రాత్రి ఈయన బెల్ కొట్టాక మనిషి రావడానికి ఇరవై అయిదు నిమిషాలు పట్టింది. గదిలో రెండో మంచం మీద ఎనభై దాటిన పెద్దాయన, రాత్రంతా మోగే ఆయన టీవీ. నేను పార్కింగ్ లాట్లో కారు స్టార్ట్ చేయకుండా చాలాసేపు ఏడ్చి, పిల్లల్ని తెచ్చుకోవడానికి వెళ్లాను.

మర్నాటి నుంచి నాకు తెలిసిన సేవ మొదలుపెట్టాను. క్యారియర్లో పప్పన్నం కలిపి తీసుకెళ్లి ముద్దలు పెట్టడం, మొహం తుడవడం, సాక్సులు తొడగడం, నీళ్ల గ్లాసు నోటికందించడం. మంచం మీదున్న మనిషి కాలు కదపకుండా చూసుకోవడమే ప్రేమ అని కదా మనం నేర్చుకున్నది. నాలుగో రోజు ఆక్యుపేషనల్ థెరపిస్ట్ నన్ను పక్కకి పిలిచింది. "ఆయనకి ఒక చెయ్యి బాగానే ఉంది. మీరు అన్నీ చేసేస్తే నాకు చేయడానికి పనేముంటుంది?" అంది నవ్వుతూనే. మా అత్తగారు అన్నా అంత గుచ్చుకునేది కాదు.

తర్వాత ఆవిడ తాళ్లు కట్టిన ఒక ప్లాస్టిక్ డొప్ప తెచ్చి, వంగకుండా సాక్సు ఎలా తొడుక్కోవాలో ఆయనకి చూపించింది. కుడి చేత్తో తాడు లాగుతూ, జారిపోతే మళ్లీ మొదలుపెడుతూ, ఒక్క సాక్సుకి పదకొండు నిమిషాలు పట్టింది. నేను చేతులు రెండూ ఒళ్లో కట్టుకుని కూర్చున్నాను. ఆ పదకొండు నిమిషాలూ నేను ఏమీ చేయకుండా ఉండటం ఎంత కష్టమో మీకు వేరే చెప్పక్కర్లేదు. కదలని కండ రోజురోజుకీ కరిగిపోతుందని బీఎస్సీ చదివిన నాకు తెలీక కాదు. తెలిసినది చేతిదాకా రావాలి కదా!

ఇంటి భోజనం మాత్రం మానలేదు. అక్కడ శాకాహారం అంటే ఉడికించిన క్యారెట్టూ, చీజ్ శాండ్‌విచ్చూ. కానీ ఒకరోజు డైటీషియన్ వచ్చి, ఇంటి నుంచి ఏ ఆకుకూరలు ఎంత తెస్తున్నారని అడిగింది. కాలి సిరలో గడ్డ కట్టడంతో ఈయనకి వార్ఫరిన్ ఇస్తున్నారు. రక్తం గడ్డకట్టడానికి కావలసిన ప్రొటీన్ల తయారీలో విటమిన్ కె పనిచేస్తుంది. వార్ఫరిన్ ఆ పనికి అడ్డుపడుతుంది. పాలకూర, తోటకూర లాంటి ఆకుకూరల్లో ఆ విటమిన్ బాగా ఉంటుంది. ఒకరోజు గిన్నెడు పెట్టి నాలుగు రోజులు అసలు పెట్టకపోతే రక్తపరీక్ష అంకెలు ఎగుడుదిగుడవుతాయి. మానేయక్కర్లేదు, రోజూ ఇంచుమించు ఒకే మోతాదు పెట్టమంది. నేనేమో ఆదివారం పాలకూర పప్పు, మిగతా వారమంతా సాంబారు! మీవాళ్లెవరైనా ఆ మాత్ర వాడుతుంటే ఇంట్లో ఏం వండుతున్నారో డాక్టర్‌కి చెప్పండి.

ఇక అసలు సంగతికి వస్తాను. పద్దెనిమిదో రోజు ఇన్సూరెన్స్ నుంచి ఉత్తరం వచ్చింది. రోగి తగినంత కోలుకున్నాడు, ఇంటికి వెళ్లవచ్చు, గురువారం తర్వాత డబ్బు కట్టం అని సారాంశం. అప్పటికింకా మంచం మీంచి వీల్‌చెయిర్లోకి మారాలంటే ఒక మనిషి పట్టుకోవాలి. ఆయన ఎనభై కిలోలు, నేను యాభై రెండు. సొంతంగా కట్టుకుని ఉంటే ఎంతవుతుందని ఆఫీసులో అడిగితే రోజుకి నాలుగొందల డాలర్ల పైమాటే అన్నారు.

ఇన్సూరెన్స్‌కి ఫోన్ చేశాను. "మీరు ఆయన కాదు కదా, ఆయన అనుమతి లేకుండా మీతో మాట్లాడలేం" అన్నారు. ఆన్‌లైన్లో చూద్దామంటే పాస్‌వర్డ్ తెలీదు. పన్నెండేళ్లుగా టాక్సులు, ఇన్సూరెన్సులు, బిల్లులు అన్నీ ఆయనే చూసుకుంటారు. హెచ్-4 మీద వచ్చినప్పటి నుంచీ ఇల్లు నాది, కాగితాలు ఆయనవి. అదేదో అదృష్టమన్నట్టు చెప్పుకునేదాన్ని కూడా. ఆ కాగితాల మనిషే మంచాన పడితే ఏమిటన్న ఆలోచన ఒక్కనాడూ రాలేదు.

అయితే నా దగ్గర ఒక నోటుబుక్కు ఉంది. మొదటి రోజు బెల్ మోగిన ఇరవై అయిదు నిమిషాల నుంచీ అందులో రాస్తున్నాను. కాలేజీలో మైక్రోబయాలజీ ల్యాబ్ రికార్డు రాసిన అలవాటు. తేదీ, టైము, థెరపీ ఎన్ని నిమిషాలు, ఏం చేయగలిగారు, ఏం చేయలేకపోయారు, ఎవరి సాయంతో, నొప్పి ఎంత. "మంగళవారం: ఒకరి సాయంతో మంచం నుంచి కుర్చీకి. రెండుసార్లు తూలారు." అబ్జర్వేషన్ రాసేటప్పుడు ఏడుపు రాయకూడదని మా మేడమ్ నేర్పకపోయినా, ఆ పద్ధతి దానంతటదే వచ్చింది.

ఆ సాయంత్రం ఈయన చేత అనుమతి పత్రం మీద సంతకం పెట్టించి ఇన్సూరెన్స్‌కి ఫ్యాక్స్ చేయించాను. ఉత్తరం వెనక పేజీ చదివాను. మనం ఎప్పుడూ చదవని పేజీ అదే. అత్యవసర అప్పీల్ పెడితే 72 గంటల్లోగా తేల్చి చెప్పాలని, అక్కడా కాదంటే కంపెనీతో సంబంధం లేని బయటి సంస్థతో రివ్యూ చేయించుకోవచ్చని ఉంది. థెరపిస్టుల నోట్సు అడిగి తీసుకున్నాను. సర్జన్ ఆఫీసుకి నాలుగుసార్లు ఫోన్ చేశాక, కాలు మోపకూడని తేదీ వేసి ఉత్తరం ఇచ్చారు. ఆయనే ఇన్సూరెన్స్ డాక్టరుతో ఫోన్లో మాట్లాడతానన్నారు. నా నోటుబుక్కులోంచి రెండు పేజీలు టైప్ చేసి జతచేశాను. ఒళ్లంతా వణుకుతూనే చేశాను, పెద్ద ధైర్యవంతురాలినని అనుకోకండి.

శుక్రవారం సాయంత్రం ఫోన్ వచ్చింది. గురువారం నుంచి లెక్కగట్టి ఇంకో పది రోజులు ఇచ్చారు.

పది రోజులంటే పెద్ద గెలుపేమీ కాదు. కానీ ఆ పది రోజుల్లో ఆయన మోచేతి మీద బరువు వేసే ప్లాట్‌ఫామ్ వాకర్‌తో ఒంటరిగా లేచి కుర్చీలోకి మారడం నేర్చుకున్నారు. వీపు విరగకుండా ఆయనకి ఎలా ఆసరా ఇవ్వాలో నేను నేర్చుకున్నాను. డైనింగ్ టేబుల్ గరాజ్‌లోకి పోయి, దాని స్థానంలో ఆస్పత్రి మంచం వచ్చింది. ముప్పయ్యో రోజున ఇంటికొచ్చారు. ఫిబ్రవరిలో పదమూడు మెట్లూ ఎక్కి పైన మా గదిలో పడుకున్నారు.

అక్కడ ఉండగా నాకు తెలిసొచ్చిన కొన్ని సంగతులు మీకూ చెప్పాలి. 1987లో వచ్చిన ఫెడరల్ చట్టం నర్సింగ్ హోమ్‌లలో ఉండేవాళ్లకి హక్కులు ఇచ్చింది. వైద్య ప్రణాళిక తయారీలో పాల్గొనే హక్కు వాటిలో ఒకటి. కేర్ ప్లాన్ మీటింగ్ ఎప్పుడని మీరే అడగండి, ప్రశ్నలు రాసుకుని వెళ్లండి. బెల్ సంగతి నేను అక్కడే ఎత్తాను. కోపంగా కాదు, నోటుబుక్కు తెరిచి టైములు చదివాను. తర్వాత మెరుగైంది. లోపల చెప్పినా వినకపోతే ప్రతి రాష్ట్రంలోనూ లాంగ్ టర్మ్ కేర్ ఆంబుడ్స్‌మన్ ఉంటారు, ఫిర్యాదు చేయడానికి డబ్బు కట్టక్కర్లేదు. ఉద్యోగం సంగతికొస్తే, ఎఫ్ఎంఎల్ఏ అని 1993 నాటి చట్టం ఉంది. అర్హత ఉన్నవాళ్లకి ఏడాదిలో 12 వారాల దాకా జీతంలేని సెలవిచ్చి ఉద్యోగాన్ని కాపాడుతుంది. ఆస్పత్రి నుంచే హెచ్ఆర్‌కి కబురు పెట్టండి. వీసా మీద ఉంటే లాయర్‌తో కూడా ఒకమాట మాట్లాడండి.

మనలో చాలామందికి ఇది భర్త కంటే ముందు అమ్మానాన్నల విషయంలో ఎదురుకావచ్చు. వాళ్లకి మెడికేర్ ఉంటే, మామూలు మెడికేర్ స్కిల్డ్ నర్సింగ్‌కి డబ్బు కట్టాలంటే ముందు ఆస్పత్రిలో వరుసగా మూడు రోజులు ఇన్‌పేషెంట్‌గా ఉండాలి. ఆస్పత్రి మంచం మీదే ఉన్నా కాగితాల్లో "అబ్జర్వేషన్" అని రాస్తే ఆ రోజులు లెక్కలోకి రావు. అందుకే "మా నాన్నగారు ఇన్‌పేషెంటా, అబ్జర్వేషనా?" అని మొదటిరోజే అడగండి. అర్హత ఉంటే మొదటి 20 రోజులకి మనం కట్టేది ఉండదు. 21 నుంచి 100వ రోజు దాకా రోజుకి ఇంత అని కట్టాలి. 2025లో అది 209 డాలర్ల 50 సెంట్లు. వంద రోజులూ గ్యారంటీగా ఇస్తారని కాదు, అవసరం ఉన్నన్నాళ్లే. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లకయితే, కొన్న పాలసీలో స్కిల్డ్ నర్సింగ్ ఉందో లేదో విమానం ఎక్కకముందే చదవండి.

ఇంకొక్క పని ఈ వారాంతంలోనే పెట్టుకోండి. "ఏవండీ, ఇన్సూరెన్స్ పాస్‌వర్డ్ ఏంటి? నేను వాళ్లతో మాట్లాడటానికి మీ అనుమతి ఫైల్లో ఉందా?" అని అడగండి. ఏమైందిప్పుడు, అపశకునంలా ఆ మాటలెందుకు అంటారు. అననివ్వండి. అడిగి రాసిపెట్టుకోండి. మీ సంగతులు కూడా ఆయనకి రాసివ్వండి. పిల్లల డాక్టరు నంబరు మావారికి తెలీదని నాకు తెలిసింది కూడా అప్పుడే.

మొన్న ఆదివారం మావారు సోఫాలో కూర్చుని సాక్సులు తొడుక్కుంటున్నారు. ఇప్పుడు నిమిషం కూడా పట్టదు. తలెత్తి, "ఆ ఇన్సూరెన్స్ ఫైలు ఎక్కడ పెట్టావు?" అన్నారు. పన్నెండేళ్లలో ఆయన నన్ను ఒక కాగితం ఎక్కడుందని అడగడం అదే మొదటిసారి. చెప్పలేదు. లేచి వచ్చి చూడమన్నాను.

గటర్లకి మాత్రం ఈసారి మనిషిని పిలిచాం.