సగం పేరు చాలు

కంప్యూటరుకు బొమ్మల ద్వారా కాక, అక్షరాల ద్వారానే ఆజ్ఞలిచ్చే పద్ధతి ఒకటి ఉన్నది. పెద్ద యంత్రాలను నడిపేవారు నేటికీ దానినే ఆశ్రయిస్తారు. ఆ ఆజ్ఞలను అందుకొని నెరవేర్పించే ప్రోగ్రాముకు షెల్ అని పేరు.

1970 ప్రాంతంలో అమెరికాలోని బెల్ లాబొరేటరీస్‌లో యూనిక్స్ వ్యవస్థ రూపొందినప్పుడు ఆజ్ఞలు అందుకొన్నది టెలిటైపు. సెకనుకు 10 అక్షరాలకు మించి అచ్చువేయలేని మొద్దు యంత్రమది. అందుకే నకలు తీయడానికి ‘సీపీ’, తొలగించడానికి ‘ఆర్ఎం’ వంటి పొడి ఆజ్ఞలు పుట్టాయి. ఫైలు పేరుకు సైతం చాలాకాలం 14 అక్షరాలే హద్దు. 1983లో బర్కిలీ విశ్వవిద్యాలయం వెలువరించిన రూపం దానిని 255కు పెంచింది. పేర్లకు అర్థం దక్కింది. వేళ్ళకు శ్రమ పెరిగింది.

విరుగుడు అప్పటికే సిద్ధంగా ఉంది. టెనెక్స్ అనే మరొక వ్యవస్థలో సగం టైపుచేసి మీట నొక్కితే తక్కినది యంత్రమే పూరించేది. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో కెన్ గ్రీర్ 1975లో ఆ సదుపాయాన్ని యూనిక్స్‌కు తేబూనాడు. 1981లో అది సీ షెల్‌తో కలిసింది. అలా ఏర్పడిన ‘టీసీఎస్‌హెచ్’ పేరులోని ‘టీ’ టెనెక్స్‌కు గుర్తు. నేడు సాధారణంగా ఆ పని టాబ్ మీటది.

‘జమాఖర్చు-మార్చి’, ‘జమాఖర్చు-ఏప్రిల్’ అని రెండు ఫైళ్ళున్నాయనుకుందాం. ‘జమా’ అని కొట్టి టాబ్ నొక్కితే షెల్ ‘జమాఖర్చు-’ వరకు పూరించి ఆగిపోతుంది. మార్చియా, ఏప్రిలా అన్నది మనిషే చెప్పాలి. అవధాని సమస్యను పూరించేటప్పుడు కల్పన చేస్తాడు; చేతిలోని ఫోను తరువాతి మాటను ఊహిస్తుంది. షెల్ ఈ రెండూ చేయదు. ఉన్న పేర్లనే చూపుతుంది. ఏదీ పూరించకపోతే ఆ మౌనమే సమాధానం: ఆ పేరుతో అక్కడ ఫైలు లేదు, లేదా కొట్టిన అక్షరాలు తప్పు.

శ్రమ తగ్గడం కన్న ఈ సరిచూపే విలువైనది. ఎందుకంటే ‘ఆర్ఎం’ తొలగించినదానిని దాచిపెట్టే చెత్తబుట్ట లేదు. ‘పాత లెక్కలు’ అనే ఫైలును తీసివేయదలచి ఆ పేరును చేత్తో ఉన్నదున్నట్టు కొడితే, నడుమనున్న ఖాళీని బట్టి షెల్ దానిని రెండు పేర్లుగా గ్రహిస్తుంది. ‘పాత’ కనబడలేదని ఫిర్యాదు చేస్తుంది. ‘లెక్కలు’ అనే పేరుతో ఈ ఏటి లెక్కల ఫైలు పక్కనే ఉంటే దానిని తొలగిస్తుంది. పాతది మాత్రం భద్రంగా ఉంటుంది. అదే ‘పాత’ అని కొట్టి టాబ్ నొక్కితే, షెల్ ఆ ఖాళీకి ముందు ఒక ఏటవాలు గీత గీసి మొత్తాన్ని ఒకే పేరుగా కట్టి ఇస్తుంది.