ఎవరి కోసం ఈ సైకిలు యాత్ర?

"చందాలు కావాలంటే డబ్బా పట్టుకొని అడిగితే సరిపోద్ది కదా, ఎండలో వందల కిలోమీటర్లు ఈ సైకిలు తొక్కుడేటి?" మా ఆమదాలవలసలో సైకిలు యాత్ర మాటెత్తితే పెద్దలు వేసే ప్రశ్న ఇది. న్యాయమైన ప్రశ్నే. నవ్వి తోసెయ్యకుండా దీనికి జవాబు చెప్పవలసిన బాధ్యత విద్యార్థులమైన మన మీద ఉంది.

దూరాల సైకిలింగు సాయంకాలపు షికారు కాదు. 'బ్రెవే' అనే పరీక్షలో 200 కిలోమీటర్లను పదమూడున్నర గంటల్లో, 600 కిలోమీటర్లను 40 గంటల్లో ముగించాలి. కొన్ని గంటలు గడిచేసరికి కండరాల్లో దాచుకున్న శక్తి తరిగిపోతుంది. అప్పుడు మనసు బేరం మొదలెడుతుంది: "దిగిపో, ఎవరడుగుతారు?" తన సరదా కోసమే బయల్దేరినవాడి దగ్గర దీనికి జవాబుండదు. పదిమంది తలా పది రూపాయలిచ్చి నమ్మి పంపినవాణ్ణి మాత్రం అడిగేవాళ్లుంటారు. ఆ మొహమాటమే, మాట నిలుపుకోవాలన్న ఆ పంతమే పెడలును ఇంకొక్కసారి తిప్పిస్తుంది.

హైదరాబాదుకు చెందిన ఆదిత్య మెహతా రోడ్డు ప్రమాదంలో కాలు పోగొట్టుకొని కూడా 2013 ఆసియా పారా సైక్లింగు పోటీల్లో వెండి పతకాలు తెచ్చారు. తరువాత వికలాంగ క్రీడాకారుల కోసం సంస్థ పెట్టి, నిధుల కోసం 'ఇన్ఫినిటీ రైడ్' యాత్రలు నడిపారు. 2020లో ఆ యాత్ర కాశ్మీరు నుంచి కన్యాకుమారి దాకా సాగింది. అమెరికాలో 1980లో 36 మంది క్యాన్సరు వైద్యం, పరిశోధనల కోసం సైకిళ్లు తొక్కి 10,200 డాలర్లు తెచ్చారు. ఆ 'పాన్-మాస్ చాలెంజ్' ఇప్పటిదాకా పోగుచేసింది వంద కోట్ల డాలర్ల పైమాటే.

అయితే ఒక్క మాట నిష్కర్షగా చెప్పుకోవాలి. రోగికి మన కాళ్లతో పనిలేదు. డబ్బు సైకిలు మీద వచ్చినా మనియార్డరులో వచ్చినా అతనికి ఒక్కటే. అతని ధ్యాస కావలసింది మన కాళ్లకే. ముందుగా లాభపడేది మనమే గనుక, త్యాగం చేశామని దండలు వేయించుకోవడం తగదు.

మన జిల్లాలోనే ఉద్దానం ఉంది. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు ప్రాంతాల్లో, ఆ కొబ్బరి, జీడి తోటల నడుమ, కిడ్నీ జబ్బు ఏళ్ల తరబడి ఇళ్లను గుల్ల చేస్తోంది. మూలకారణం ఇదీ అని శాస్త్రజ్ఞులు ఇంకా తేల్చలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి ప్రారంభమైంది. మంచిదే. కాని వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కు పోయేవాడికి దారి ఖర్చులూ, తోడు వచ్చేవాడికి పోయిన కూలీ ఎవరిస్తారు?

ఆమదాలవలస నుంచి పలాసకు పోయి రావడం సుమారు 160 కిలోమీటర్లు. తెల్లవారుజామున కదిలితే ఒక్కరోజు పని. మనం ఎందుకు చెయ్యకూడదు? కాకపోతే మూడు షరతులు. ముందుగా ఆ ఊళ్లకెళ్లి, ఏం కావాలో రోగులనే అడగాలి. మన టిఫిన్లు, ట్యూబులు, బనియన్లు మన జేబు ఖర్చే గాని చందాలో పైసా ముట్టరాదు. దారిలో ఎవరైనా చతికిలబడినా ఫర్వాలేదు, వాడు పోగుచేసిన చందా మాత్రం పలాస చేరి తీరాలి.

సోదర విద్యార్థులారా! యాత్ర అంటూ జరిగితే, వచ్చే ఏటి సంచికలో మన ఫొటోలు వేయకపోయినా సరే, ఆ జమాఖర్చుల పట్టిక మాత్రం తప్పక అచ్చువేయండి.