స్పోర్ట్స్ కారు రోజువారీ బండి కాదు

"రోజూ ఆఫీసుకు వెళ్ళి రావడానికి పోర్షే 911 మేలా, బీఎండబ్ల్యూ జెడ్4 మేలా?" ఇటువంటి ప్రశ్నలు ఇప్పుడు మన మధ్యతరగతిని దాటిన ఇళ్ళలో తరచుగా వినబడుతున్నాయి. సమాధానం చెప్పేవారంతా ఇంజను శక్తి గురించి, సున్నా నుంచి నూరు కిలోమీటర్ల వేగం అందుకునే సెకన్ల గురించి చెబుతారు. ఈ రెండు కార్లలోనూ శక్తిమంతమైన రకాలు అయిదు సెకన్లలోపే ఆ వేగాన్ని అందుకుంటాయి. మిగిలిన అర సెకను తేడా మీదే చర్చంతా నడుస్తుంది. లోపల కూర్చునే మనిషి వెన్నెముక గురించి, బయట నడిచే మనిషి ప్రాణం గురించి ఎవరూ మాట్లాడరు. అందుకే ఒక వైద్యునిగా నేను మాట్లాడుతున్నాను. మన ఊళ్ళలో రోజువారీ వాడకానికి ఈ రెండూ తగవని నా నిశ్చితాభిప్రాయం.

ముందు వెన్ను సంగతి చూద్దాం. చాలా స్పోర్ట్స్ కార్ల అడుగుభాగం నేలకు 11 నుంచి 13 సెంటీమీటర్ల ఎత్తులోనే ఉంటుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. మన కాలనీల్లో ఎవరికి తోచినట్లు వారు వేయించుకున్న దిబ్బలు ఏ ప్రమాణానికి లోబడి ఉన్నాయో మీకే తెలుసు. మలుపుల్లో బండి ఒరగకుండా ఉండటానికి ఈ కార్ల సస్పెన్షన్‌ను గట్టిగా బిగిస్తారు. మెత్తని సస్పెన్షన్ తానే మింగే కుదుపును గట్టి సస్పెన్షన్ మీ నడుముకు అప్పగిస్తుంది. కూర్చున్న మనిషి దేహం సెకనుకు నాలుగు నుంచి ఆరుసార్లు వచ్చే నిలువు కంపనాలకు ఎక్కువగా స్పందిస్తుంది. ఇటువంటి కంపనాలను ఏళ్ళ తరబడి భరించే డ్రైవర్లలో నడుము నొప్పి అధికమని వైద్యశాస్త్రానికి చాలాకాలంగా తెలుసు. వీటికి తోడు, దాదాపు నేలమీద కూర్చున్నట్లుండే ఆ సీటులోకి దిగడానికీ లేవడానికీ తుంటినీ మోకాళ్ళనూ పూర్తిగా మడవాలి. ఈ కారు కొనగలిగే స్తోమత చాలామందికి నలభై అయిదు దాటాకే వస్తుంది. డిస్కులు అరగడం, చత్వారం రావడం, ఎదుటి దీపాల వెలుగు పడిన తరువాత చూపు తేరుకోవడానికి ఎక్కువసేపు పట్టడం కూడా ఆ వయసులోనే మొదలవుతాయి. సీటు ఎంత కిందికి ఉంటే ఎదురుగా వచ్చే లారీ దీపాలు అంత నేరుగా కళ్ళలో పడతాయి.

ఇక కుటుంబం మాట. జెడ్4లో ఉన్నవి రెండే సీట్లు. 911లో వెనుక సీట్లున్నా అవి పేరుకే. మరి పిల్లవాడు ఎక్కడ కూర్చుంటాడు? తల్లి ఒడిలో. దీని అర్థం లెక్క వేసి చూపిస్తాను. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు దేన్నయినా ఢీకొని సెకనులో ఇరవయ్యో వంతులో ఆగిందనుకోండి. పది కిలోల బిడ్డను ఆ క్షణంలో పట్టి ఉంచడానికి సుమారు 280 కిలోల బరువును ఆపేంత బలం కావాలి. ఏ తల్లి చేతులకూ ఆ బలం లేదు. ఆ బిడ్డ ఎగిరి ఎదుట పడతాడు, లేదా విచ్చుకుంటున్న ఎయిర్‌బ్యాగుకూ తల్లి దేహానికీ మధ్య నలుగుతాడు.

వేగానికి వద్దాం. వేగం రెట్టింపయితే ఢీకొనే శక్తి నాలుగింతలవుతుంది. ప్రమాదంలో జరిగేవి నిజానికి మూడు ఢీలు. కారు దేన్నో ఢీకొంటుంది. మనిషి కారు లోపలి భాగాన్ని ఢీకొంటాడు. ఆ తరువాత లోపలి అవయవాలు తమ గోడలనే ఢీకొంటాయి. మెదడు కపాలానికి కొట్టుకుంటుంది, బృహద్ధమని చీలుతుంది, కాలేయం పగులుతుంది. బెల్టూ ఎయిర్‌బ్యాగూ రెండవ ఢీని బాగా తగ్గిస్తాయి. మూడవదాన్ని కొంతవరకే తగ్గించగలవు. బయట చిన్న గీత కూడా లేకుండా క్యాజువాలిటీకి నడిచి వచ్చి, గంట తిరగకముందే కడుపులో రక్తస్రావంతో కుప్పకూలిన యువకులను ప్రభుత్వాసుపత్రిలో పనిచేసిన ఏ వైద్యుణ్ణి అడిగినా చెబుతాడు.

"డాక్టరుగారూ, ఈ కార్ల బ్రేకులు ఎంత గొప్పవో మీకు తెలియదు" అంటారు. నిజమే, గొప్పవే. కాని ప్రమాదాన్ని చూసి బ్రేకు మీద కాలు వేయడానికి ఆరోగ్యవంతునికైనా సెకను నుంచి సెకనున్నర పడుతుంది. నూరు కిలోమీటర్ల వేగంలో కారు ఒక్క సెకనులో 28 మీటర్లు పోతుంది. గొప్ప బ్రేకు మిగిల్చే పది, పదిహేను మీటర్లను ఫోను వైపు ఒక్క చూపు మింగేస్తుంది. నిద్రమత్తు తెచ్చే జలుబు మాత్ర వేసుకున్నా, ఇన్సులిన్ తీసుకుని భోజనం ఆలస్యం చేసినా పరిస్థితి ఇంకా విషమిస్తుంది. ఇంజను శక్తి ఎంత పెరిగినా మన నరాల వేగం పెరగదు.

"నా డబ్బు, నా ఇష్టం" అనేవారు మరికొందరు. డబ్బు మీదే, రోడ్డు మాత్రం అందరిదీ. కేంద్ర రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించారు. వారిలో 44.5 శాతం ద్విచక్ర వాహనదారులు, 19.5 శాతం పాదచారులు. మొత్తం మరణాల్లో 71 శాతానికి పైగా అతివేగం ఖాతాలోనివే. అంటే వేగానికి బలయ్యేవారిలో అధికులకు చుట్టూ ఉక్కు చట్రం లేదు, ఎయిర్‌బ్యాగు లేదు. మీ కారుకు భద్రతలో ఎన్ని నక్షత్రాలున్నా, పాలప్యాకెట్టు కోసం రోడ్డు దాటుతున్న వృద్ధురాలికి అవి అక్కరకు రావు.

2023 ఫిబ్రవరిలో హైదరాబాదు హుస్సేన్‌సాగర్ తీరాన ఫార్ములా ఈ పోటీ జరిగింది. దాదాపు 2.8 కిలోమీటర్ల బాట కోసం రహదారులు మూసివేశారు, ఇరువైపులా కాంక్రీటు గోడలు నిలిపారు. నడిపినవారు ఆరితేరిన వృత్తి నిపుణులు. తలకు హెల్మెట్టు, మెడకు రక్షణ పట్టీ, ఒంటికి పలు పట్టీల బెల్టు, పక్కనే సిద్ధంగా వైద్యబృందం. వేగాన్ని వృత్తిగా చేసుకున్నవారే ఇన్ని జాగ్రత్తలు లేనిదే బండి కదిలించరు. పోటీ ముగిశాక అదే రోడ్డు మీదికి ఆటోలు, సిటీ బస్సులు, బడిపిల్లలు తిరిగి వచ్చారు. ఏ గోడా లేని ఆ రోడ్డు మీద రోజూ స్పోర్ట్స్ కారు నడుపుతాననేవారు ఏ ధైర్యంతో అంటున్నారు? మన ఔటర్ రింగ్ రోడ్డు మీద కూడా అనుమతించిన గరిష్ఠ వేగం 120. గంటకు 250 అందుకోగల యంత్రాన్ని ఎక్కడ నడపాలని కొంటున్నట్లు?

వేగం మీద మోజు తప్పని నేననను. అది తీర్చుకోవడానికి చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలో, కోయంబత్తూరులో రేసు బాటలున్నాయి. అక్కడ శిక్షణ తీసుకోండి, హెల్మెట్టు పెట్టుకుని తనివితీరా నడపండి. రోజువారీ కారును మాత్రం వేరే కొలతలతో ఎంచుకోండి. నడుము వంచకుండా కూర్చుని లేవగలగాలి. నాలుగు వైపులా రోడ్డు స్పష్టంగా కనబడాలి. వెనుక సీటులో పిల్లల సీటు బిగించడానికి వీలుండాలి, అందరికీ మూడు బిందువుల బెల్టు ఉండాలి, జారకుండా పట్టి ఉంచే స్థిరత్వ నియంత్రణ ఉండాలి. వెనుక కూర్చున్నవారు కూడా బెల్టు పెట్టుకోవాలి. 2022 సెప్టెంబరులో పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ మరణించినప్పుడు ఆయన ఖరీదైన కారు వెనుక సీటులో బెల్టు లేకుండానే ఉన్నారని పోలీసులు చెప్పిన మాట మరువకండి.

ఒక మాట తల్లిదండ్రులకు. ఇంజనీరింగు సీటు వచ్చిందనో, ఉద్యోగం వచ్చిందనో ఇరవై ఏళ్ళ కుర్రవాడికి ఈ తాళాలు కానుకగా ఇవ్వకండి. ప్రేమతోనే ఇస్తున్నారని నాకు తెలుసు. కాని ఆ వయసులో సాహసం మీద కోరిక నిండుగా ఉంటుంది, దానిని అదుపు చేసే మెదడు భాగం ఇంకా పూర్తిగా పరిణతి చెందదు. పోర్షేయా, బీఎండబ్ల్యూయా అని వాడు అడిగినప్పుడు, ముందు వాడిని బెల్టు పెట్టుకుని, గీత దగ్గర ఆగి, పాదచారికి దారి ఇచ్చి, ఉన్న కారును ఏడాదిపాటు నడిపి చూపించమనండి. ఆ ఏడాది తరువాత కూడా అదే ప్రశ్న అడిగితే, రేసు బాటకు వెళ్ళే దారి చూపండి.