సర్వర్ మనది కావాలె, తాళం ఒక్కరి దగ్గరే ఉండొద్దు



పోస్టు కొంచెం పొడుగుంటది. ఓపికతో చదవండి. ఒప్పుకోని చోట కింద గట్టిగా రాయండి.

టొరెంట్ అనంగనే మనలో చాలామందికి కొత్త సినిమా గుర్తొస్తది. ఈ పోస్టు దాని గురించి కాదు. మన గ్రూపు తరఫున ఒక చిన్న సర్వర్ అద్దెకు తీసుకుని, దాని మీద టొరెంట్ ప్రోగ్రాం నడిపి, మన భాషల రికార్డింగులు, ఫాంట్లు, చదువుకు పనికొచ్చే ఉచిత సామాన్లు అందులో పెట్టుకోవాలన్నది మా హాస్టల్ పిల్లల అభిప్రాయం. ఎందుకు, ఎట్ల, ఎవరి చేతిలో అన్నది చెప్తాం.

ఇప్పుడు మన రికార్డింగులు ఎక్కడున్నాయి? సెలవులకు ఊరికి పోయినప్పుడు తాతల కథలు, అవ్వల పాటలు ఫోన్లో ఎక్కించుకుని వస్తున్నాం. అవి ఒకరి మెమరీ కార్డులో కొన్ని, ఒక సీనియర్ డ్రైవ్ ఖాతాలో కొన్ని ఉన్నాయి. ఫోన్ నీళ్లల్ల పడితే ఒకటి పాయె, సీనియర్ చదువు అయిపోయి ఆ ఖాతా తెరవడం మానేస్తే ఇంకోటి పాయె. వాట్సాప్‌లో మామూలుగా వీడియో పంపుకుంటే నాణ్యత తగ్గుతది.

ఇది కొత్త సమస్య కాదు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం అమరుడయ్యాక, నిజాం సర్కారు హైమన్‌డార్ఫ్‌ను ఆదిలాబాద్ గోండు గూడేలకు పంపింది. ఆయన తీసిన ఫొటోలు, ఫిల్ములు ఈరోజు లండన్‌లోని సోయాస్‌లో ఉన్నాయి. వాళ్లు దాచిండ్రు కాబట్టే మిగిలినయి, దానికి తప్పుబట్టం. కానీ మన తాతల ముఖాలు చూసుకోవడానికి లండన్ దిక్కు చూడాల్సి వస్తున్నది గదా. ఇప్పుడు మన చేతులతో మనం తీస్తున్నవాటికైనా ఆ గతి రావొద్దు.

టొరెంట్ ఎందుకు పనికొస్తదంటే, ఊరంతా కలిసి ఒక ఇల్లు కప్పినట్టు అది పని చేస్తది. ఒక్కరే గడ్డి మొత్తం మోయరు, తలా ఒక మోపు తెస్తరు. 2001లో బ్రామ్ కోహెన్ రాసిన ఈ పద్ధతిలో పెద్ద ఫైల్‌ను చిన్న చిన్న ముక్కలు చేస్తరు. ముక్క ముక్కకూ హ్యాష్ అనే గుర్తు ఉంటది. వచ్చిన ముక్క చెడిపోతే గుర్తు కలవదు, అది ఒక్కటే మళ్లీ వస్తది. వంద దగ్గర కాదు, తొంభై దగ్గర నెట్‌వర్క్ పోయినా మొదటికి రాదు, ఆగిన కాడ నుంచి సాగుతది. గుట్ట ఎక్కితే గాని సిగ్నల్ రాని ఊర్లకు ఇంతకంటే కావాల్సింది ఏముంది? పూర్తిగా దింపుకున్నోళ్లు ఇంకొకరికి పంచుతుంటే వాళ్లను సీడర్లు అంటరు. సీడర్ లేకపోతే టొరెంట్ చచ్చినట్టే.

అసలు సమస్య ఇక్కడే ఉంది. మన ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు మంచి సీడర్లు కావు. రాత్రంతా నడవవు, చార్జింగ్ ఉండదు. ఇంకో సంగతి, మొబైల్ నెట్‌లో చాలాసార్లు ఒక బయటి చిరునామాను ఎంతోమంది పంచుకుంటరు. లోపలి నుంచి బయటికి పోవచ్చు గాని, బయటోళ్లు నేరుగా మన ఫోన్‌ను చేరలేరు. పాడేరులో ఒకరు, ఉట్నూరులో ఒకరు మొబైల్ డేటా మీదనే ఉంటే ఇద్దరికీ కలవడం కష్టం. అద్దె సర్వర్‌కు సొంత చిరునామా ఉంటది, 24 గంటలు మేల్కొని ఉంటది. ఇద్దరూ దాన్ని చేరగలరు.

"సర్వర్ నుంచి మళ్లీ హాస్టల్‌కు తెచ్చుకోవడానికి మన డేటానే ఖర్చయితది గదా?" అని అడుగుతరు. నిజమే. కానీ హాస్టల్‌కు ఒక్కసారి ఖర్చయితే చాలు. టొరెంట్ ప్రోగ్రాంలల్ల 'లోకల్ పీర్ డిస్కవరీ' అని ఒక సదుపాయం ఉంది. ఒకే వైఫై మీద ఉన్న ల్యాప్‌టాప్‌లు ఒకదాన్నొకటి గుర్తుపట్టి, బయటి ఇంటర్నెట్ ముట్టకుండానే ముక్కలు మార్చుకుంటయి. కొన్ని హాస్టళ్ల వైఫైలో ఒక యంత్రం ఇంకోదాన్ని చూడకుండా కట్టేసి ఉంటరు, అక్కడ ఒకరి హాట్‌స్పాట్ పెట్టుకోవచ్చు. ఊరికి పోయేటప్పుడు పెన్‌డ్రైవ్ ఉండనే ఉంది.

ఇక పని ఎట్ల చేయాలె. "ఇది కంప్యూటర్ సైన్స్ వాళ్ల పని" అనుకోవద్దు. మేం ఇండ్లల్ల కాలేజీ గడప తొక్కిన మొదటోళ్లం. మా గదిలో బీఏ వాళ్లు, బీఎస్సీ వాళ్లు కూడా దీన్ని నేర్చుకుంటున్నరు.

మొదలు చిన్న లైనక్స్ సర్వర్ చాలు, 1 జీబీ ర్యామ్ ఉంటే నడుస్తది. డెబియన్ గాని ఉబుంటు గాని ఎక్కించి, ట్రాన్స్‌మిషన్ డీమన్ పెట్టుకోవాలె. డీమన్ అంటే తెర లేకుండా వెనక నడిచే ప్రోగ్రాం. దాన్ని బ్రౌజర్ నుంచే నడపొచ్చు, ఆ తలుపు నంబర్ 9091. ఈ తలుపును లోకమంతటికీ తెరవొద్దు. సర్వర్ లోపలికి మాత్రమే తెరిచి ఉంచి, మనం ఎస్ఎస్‌హెచ్ టన్నెల్ ద్వారా పోవాలె. పాస్‌వర్డ్‌తో లాగిన్ ఆపేసి, తాళంచెవి ఫైల్‌తో మాత్రమే లాగిన్ పెట్టాలె. బయటికి తెరవాల్సింది పంపకాల తలుపు ఒక్కటే. ట్రాన్స్‌మిషన్‌లో అది మామూలుగా 51413, టీసీపీ, యూడీపీ రెండిటికీ తెరవాలె.

సెట్టింగ్స్ ఫైల్ మార్చే ముందు డీమన్‌ను ఆపాలె. లేకపోతే అది ఆగేటప్పుడు పాత సెట్టింగులనే మళ్లీ రాసేస్తది, మన మార్పు పోతది. క్యూబిట్‌టొరెంట్ వాడేటోళ్లకు ఒక హెచ్చరిక. దాని పాత వెర్షన్లలో ముందే పెట్టిన పాస్‌వర్డ్ అందరికీ తెలిసిందే, ఎక్కించిన వెంటనే మార్చాలె.

లెక్క కూడా చూసుకోవాలె. చిన్న సర్వర్లకు నెలకు ఇంత డేటా అని హద్దు ఉంటది. 1 టీబీ అనుకుందాం. అప్‌లోడ్ వేగం సెకనుకు 300 కేబీ అని కట్టేస్తే, నెలంతా ఆగకుండా పోయినా సుమారు 780 జీబీ దాటదు. అద్దె నెలకు 500 రూపాయలు అనుకుంటే, 50 మంది కలిస్తే తలా 10 రూపాయలు.

ఏం పెట్టాలె? తెలుగు వికీపీడియాను నెట్ లేకుండా చదివే కివిక్స్ ఫైళ్లకు టొరెంట్లు ఉన్నాయి. లిబ్రేఆఫీస్, ఉబుంటులకు కూడా వాళ్లే టొరెంట్లు ఇస్తరు. గుంజాల గోండి లిపి 2018లో యూనికోడ్‌లోకి వచ్చింది, సవర భాష కోసం పుట్టిన సోరాంగ్ సోంపెంగ్ లిపి 2012లోనే వచ్చింది. వీటి నోటో ఫాంట్లు ఉచితంగా పంచుకోవచ్చు. ఇవన్నీ ఒక మూట కట్టి పెడదాం.

ఏం పెట్టొద్దు? సినిమాలు, డబ్బు కట్టి చూడాల్సిన కోచింగ్ వీడియోలు, స్కాన్ చేసిన కొత్త పుస్తకాలు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత పోయినంక కూడా 60 ఏళ్లు హక్కు ఉంటది. ఒక్క ఫిర్యాదుతో సర్వర్ మూతపడొచ్చు. అంతకంటే పెద్ద సంగతి, సర్వర్ ఎవరి పేరు మీద ఉంటే వాళ్లే జవాబు చెప్పాలె. రేపు ఉద్యోగం వస్తే పోలీస్ వెరిఫికేషన్ ఉంటది. ఇంట్లో మొదటి ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న పిల్ల మీదికి సినిమా కోసం కేసు తెస్తమా?

అన్నిటికంటే ముఖ్యమైంది ఇప్పుడు చెప్తాం. టొరెంట్‌లో ఒకసారి పంచింది వెనక్కి రాదు. సర్వర్‌లో తుడిచినా, దింపుకున్నోళ్ల దగ్గర ఉంటది. 'ప్రైవేట్' అని గుర్తు పెడితే బయటోళ్లు వెతికి పట్టుకోవడం కష్టమైతది గాని, లోపలున్న ఒక్కరు బయటికి ఇస్తే ఆపేది లేదు. అందుకే పెళ్లిలో అందరి ముందు పాడిన పాట, పెర్సాపెన్ ముందు ప్రధాన్ కింగ్రి మీద పాడింది ఒకే గంపలో వేయొద్దు. పాడినోళ్లకు టొరెంట్ అంటే ఏందో వాళ్ల భాషలోనే చెప్పి, "ఇది లోకమంతా వింటది, తిరిగి తీసుకోలేం" అని చెప్పి అడగాలె. ఒప్పుకున్నవి సర్వర్‌కు. ఊరోళ్లకు మాత్రమే అన్నవి ఊర్లో ఉంచే హార్డ్‌డిస్క్‌కు. వద్దన్నవి అసలు ఎక్కడికీ వద్దు. మనోళ్లమే గదా అని అడగకుండా పెడితే, బయటోళ్లు వచ్చి రికార్డు చేసుకుపోయినదానికీ మనం చేసినదానికీ తేడా ఏముంది?

తాళం సంగతి. తాళంచెవులు ముగ్గురి దగ్గర ఉండాలె, మూడు వేరు వేరు హాస్టళ్లు, అందులో ఒకటి తప్పకుండా ఆడపిల్లల హాస్టల్. ఎవరి చెవి వాళ్లకే. డిగ్రీ అయిపోయి పోయేటోళ్లు ఒక జూనియర్‌కు పని నేర్పి, వాళ్ల చెవి ఎక్కించి, తమది తీసేసి పోవాలె. చేసిన ప్రతి పని తెలుగులో ఒక నోట్‌బుక్‌లో రాయాలె. ఖర్చు లెక్క నెల నెలా గ్రూపులో పెట్టాలె. ఇంకో మాట, సర్వర్ ఒక్కటే ఉంటే అది దాపు కాదు. కనీసం రెండు హార్డ్‌డిస్క్‌లల్ల, రెండు చోట్ల నకళ్లు ఉండాలె. అద్దె కట్టలేని నెల వచ్చినా, హాస్టళ్లల్ల ఉన్న ల్యాప్‌టాప్‌లు సీడ్ చేస్తుంటే మన పాట బతుకుతది.

ఆరు నెలలు నడిపి చూద్దాం. పనికిరాకపోతే ఆపేద్దాం, మిగిలిన పైసల లెక్క చెప్పి పంచేద్దాం. ఒప్పుకునేటోళ్లు హాస్టల్ ఉన్న ఊరు పేరు రాయండి. భద్రాచలం, ఏటూరునాగారం, సీతంపేట, రంపచోడవరం వైపు వాళ్లు ముందుకొస్తే ఇంకా సంతోషం. ఒప్పుకోనోళ్లు కారణం రాయండి. ముఖ్యంగా పెద్దల అనుమతి గురించి మీ ఊర్లల్ల ఏమంటున్నరో రాయండి. అది తేలినంకనే సర్వర్ తీసుకుందాం.

జోహార్.