ఫోను ఎవరి చేతిలో ఉంటుంది?

విదేశాలకు వెళ్ళేవారు అంతర్జాలానికి దూరం కాకుండా ఉండటమెలాగో ఉపదేశించే వ్యాసాలకు కొదవ లేదు. విమానం దిగగానే ఈ-సిమ్ వేసుకోండి, రోమింగు పథకం ముందే కొనుక్కోండి, విడిదిలో వైఫై ఉందేమో చూసుకోండి. తప్పేమీ లేదు. కాని అవి ఎవరికోసం రాసినవి? పది రోజులు పారిస్ చూసివచ్చేవారి కోసం. మా కలిగిరి మెట్ట నుంచి, ఆ పక్క ఉదయగిరి, ఆత్మకూరు పల్లెల నుంచి కువైట్‌కు ఇంటిపనికి వెళ్ళే ఆడవారు ఆ రాతగాళ్ళ కంటికి ఆనరు.

ఐరోపా సమాఖ్య 2017 జూన్ 15 నుంచి తన సభ్యదేశాల మధ్య రోమింగు అదనపు రుసుములను ఎత్తివేసింది. విహారయాత్రికుడి మొర విన్న చట్టమది. అదే ఏడు సెప్టెంబరు దాకా సౌదీలో అంతర్జాలం ద్వారా మాట్లాడుకోవడంపైనే నిషేధం! ఇంటికి డబ్బు పంపే మనిషి బిడ్డ గొంతు వినాలంటే టెలిఫోను కంపెనీ అడిగినంత ఇచ్చుకోవలసిందే. మాటలు క్యాసెట్టులో నింపి, ఊరికి వచ్చేవారి చేత పంపుకున్న కాలంలోనూ దూరం దూరమే. ఆ క్యాసెట్టుకు మాత్రం ఎవరూ నిమిషానికింత అని వెల కట్టలేదు.

"అక్కడి సిమ్ కొనుక్కోవచ్చు కదా" అంటారు. కొనుక్కుంటారు. చిక్కంతా ఇక్కడి సిమ్‌తోనే. బ్యాంకు ఖాతాకు జతపడిన సంఖ్య అది. ఓటీపీ దానికే వస్తుంది. 90 రోజులు వాడకం లేని ప్రీపెయిడ్ సంఖ్యను రద్దు చేయడానికి ట్రాయ్ నిబంధన వీలిస్తుంది (20 రూపాయల నిల్వ ఉంటే కాస్త గడువు పెరుగుతుంది). ఇంటిపని ఒప్పందమేమో సాధారణంగా రెండేళ్ళు. అందుకని సిమ్‌ను ఊళ్ళో మరొకరి చేతిలో పెట్టి వెళ్ళాలి. బీరువా తాళంచెవి అప్పగించడంతో సమానమిది. 2023 జనవరిలో, విదేశీ సంఖ్యతోనే యూపీఐ వాడుకునే సౌకర్యాన్ని పది దేశాలలోని ప్రవాసులకు ప్రకటించారు. అమెరికా ఉంది, హాంకాంగ్ ఉంది; గల్ఫులో సౌదీ, ఒమన్, ఖతర్, ఎమిరేట్లు ఉన్నాయి. కువైట్ లేదు.

ఇవన్నీ ఫోను ఆమె చేతిలో ఉన్నప్పటి మాటలు. యజమానురాలు దాన్ని పుచ్చుకొని అల్మైరాలో పెట్టి తాళం వేస్తే ఏ రోమింగు పథకం ఆదుకుంటుంది? ఫిలిప్పీన్స్ ఈ ప్రశ్న అడిగింది. 2018 మే నెలలో కువైట్‌తో కుదిరిన ఒప్పందంలో, ఇంటిపనివారు ఫోను తమవద్దే ఉంచుకునే హక్కును రాయించుకుంది. ఒక ఫిలిప్పీన్స్ పనిమనిషి శవం ఫ్రీజరులో బయటపడి, ఆ దేశం తన కార్మికులను పంపడమే ఆపివేసిన తరువాత గాని ఆ మాట కాగితం మీదికి ఎక్కలేదనుకోండి.

మన ప్రభుత్వమూ 2021 జూన్‌లో ఇంటిపనివారి నియామకంపై కువైట్‌తో అవగాహన పత్రం మీద సంతకం చేసింది. సంతోషం. అందులో ఏముందో విమానం ఎక్కబోయే కలిగిరి ఆడబిడ్డకు తెలుగులో చదివి వినిపించే బాధ్యత ఎవరిది? ఫోను తనవద్దే ఉంటుందన్న వాక్యం ఆమె వేలిముద్ర వేసే ఒప్పందంలోనే ఉండాలి, ఆమె మనుషులు చదవగలిగిన లిపిలో ఉండాలి. ఏజెంటు నోటిమాట చాలదు.