రాక్షసగుళ్ళకు దారి ఏది?

శంషాబాదు విమానాశ్రయంలో దిగిన పరదేశి ఈ నగరంలో చూడదగినవేమిటని అడిగితే మనం తడుముకోకుండా చార్మినారు, గోలకొండ, సాలార్‌జంగ్ మ్యూజియం అని చెబుతాం. అవి మనకు గర్వకారణాలే. కాని చార్మినారు కట్టింది 1591లో. అంతకు రెండు వేల యేళ్ళకు పూర్వమే ఈ నేలపై మనుషులు తమ మృతులను పూడ్చి, ఆ సమాధులపై మట్టిని, రాళ్ళను దిబ్బగా పోసి, చుట్టూ పెద్ద బండలను వలయంగా పేర్చారు. పల్లె ప్రజలు వీటిని రాక్షసగుళ్ళంటారు. అంతటి బండలను మానవమాత్రులు కదల్చగలరా అన్న ఆశ్చర్యం ఆ పేరులోనే ఉన్నది. వాటికి దారి ఏదని ఆ పరదేశి అడిగితే మాత్రం మనలో చాలామందికి నోట మాట రాదు.

ఇది విద్వాంసులు ఎరుగని విషయం కాదు. నిజాం ప్రభుత్వం 1914లో పురావస్తు శాఖను నెలకొల్పింది. దాని తొలి అధిపతి గులాం యాజ్దానీ ఈ సమాధులలోని మట్టిపాత్రలపై గీసిన గుర్తులను గురించి 1917లోనే వ్రాశారు. హంట్ అనే ఆంగ్లేయుడు 1924లో హైదరాబాదు ప్రాంతపు సమాధులపై వ్యాసం ప్రకటించాడు. మౌలాలీ, హష్మత్‌పేట, భువనగిరి సమీపంలోని రాయగిరి, గచ్చిబౌలి విశ్వవిద్యాలయ ఆవరణ ఈ అధ్యయనంలో ప్రసిద్ధికెక్కిన స్థలాలు. నలుపు ఎరుపు కలిసిన కుండలు, ఇనుప పనిముట్లు ఈ సమాధులలో లభించాయి. ఇనుమును కరగించి సాగగొట్టిన ఆ చేతులు మన పూర్వుల చేతులు కావా?

విద్వాంసులెరిగినది ప్రజలెరుగకపోవడమే మన దురదృష్టం. 2008 మార్చిలో సుమారు 5,500 ఎకరాల విస్తీర్ణంలో విమానాశ్రయం ప్రారంభమైంది. బాహ్య వలయ రహదారి వచ్చింది. నిన్నటి చెలకలు నేడు ఇళ్ళ స్థలాలైనాయి. నగరం పెరగడాన్ని మేము ఆక్షేపించడం లేదు. కాని నేలను చదును చేసేవానికి రాతివలయం ఒట్టి రాళ్ళకుప్ప. హష్మత్‌పేట సమాధులు ఇళ్ళ నడుమ చిక్కుకున్న తీరు మనకు హెచ్చరిక. కూలిన కోటగోడను తిరిగి కట్టవచ్చు. సమాధిలో ఏ పాత్ర ఏ ఎముక పక్కన ఉన్నదన్నదే చరిత్ర కనుక, ఒకసారి చెదరిన దిబ్బను ఎవరూ తిరిగి నిర్మించలేరు.

జనాన్ని రానిస్తే పాడుచేస్తారు, కంచె వేసి తాళం పెట్టడమే మేలు అని కొందరు విజ్ఞులంటారు. ఆ భయం నిరాధారం కాదు. కాని నిక్షేపాల ఆశతో రాత్రివేళ త్రవ్వేవానికి తాళం అడ్డం కాదు. పగటివేళ వచ్చిపోయే జనమే వానికి అడ్డం. శంషాబాదు మీదుగా దక్షిణానికి పోయే రహదారి పాలమూరు సీమకు చేరుస్తుంది. అక్కడ కృష్ణాతీరంలో ముడుమాల గ్రామం ఉన్నది. మనిషి ఎత్తుకు రెండింతలుండే నిలువురాళ్ళు ఆ గ్రామం ప్రక్కన నేటికీ నిలిచి ఉన్నాయి. వాటిలో ఒకదానిని గ్రామస్థులు ఎల్లమ్మగా కొలుస్తారు. యునెస్కో తాత్కాలిక జాబితాలో 2025లో ఈ స్థలానికి చోటు దొరికింది. ఆ జాబితా కంటె ఎంతో ముందే ఆ రాయిని కాపాడినది గ్రామస్థుల రాకపోకలు, వారి భక్తి.

ఇంగ్లండులోని స్టోన్‌హెంజ్ శిలావలయాన్ని సెసిల్ చబ్ అనే న్యాయవాది 1915లో వేలంలో కొని, 1918లో జాతికి కానుక చేశాడు. ప్రజలకు ప్రవేశం ఉండాలనీ, ప్రవేశ రుసుము ఒక షిల్లింగును మించరాదనీ షరతు పెట్టాడు. దర్శనహక్కు లేని రక్షణ అసంపూర్ణమని ఆ దాత గ్రహించాడు.

మేము కోరేది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. కొత్త లేఅవుట్లకు అనుమతి ఇచ్చే ముందు పురావస్తు నిపుణులు ఆ నేలను పరిశీలించాలి. రాతివలయం కనబడితే దానిని బహిరంగ స్థలంగా విడిచి, అక్కడికి కాలిబాట ఉంచాలి. ప్రతి స్థలంలో తెలుగు, ఉర్దూ, ఆంగ్ల భాషలలో ఒక ఫలకం నిలపాలి. పరదేశి దిగే విమానాశ్రయంలోనే ఈ స్థలాల పటం ఒకటి ఉండాలి. ఫలకాలకు కావలసిన తెలుగు, ఉర్దూ పాఠాలు వ్రాయడానికి మా వంటి కళాశాలల విద్యార్థులు వెనుదీయరు.

మిశ్రమ సంస్కృతి వారసత్వాన్ని కాపాడటం పౌరుని ప్రాథమిక విధి అని రాజ్యాంగంలోని 51-ఎ అధికరణం చెబుతున్నది. ఈ సమాధులలో నిద్రించేవారు ఏ భాష మాట్లాడారో, ఏ దైవాన్ని కొలిచారో చెప్పే శాసనం లేదు. అందుచేత వారు మనలో ఏ ఒక్కరికో పూర్వులు కారు, అందరికీ పూర్వులే. పెద్దల సమాధికి దారి మూసివేసే ఆచారం మనలో ఏ మతంలోనూ లేదు. ఈ పెద్దలకు మాత్రం ఆ మర్యాద ఎందుకు దక్కరాదు?