బైకును బండెక్కించేటప్పుడు...

ఇల్లు మారేటప్పుడు బీరువాకి దుప్పట్లు చుడతాం, టీవీని ఒళ్లో పెట్టుకుంటాం. బైకు దగ్గరికొచ్చేసరికి మాత్రం 'అదెంతసేపు!' అనేస్తాం. మేమూ అలాగే అన్నాం. ట్రాలీకి ఆనించిన చెక్క సగంలో జారింది. బైకు మా బావమరిది పాదం మీద పడింది. నెలన్నర కట్టు!

స్ప్లెండర్ లాంటి చిన్న బండే 110 కిలోలు దాటుతుంది. అందుకే చెక్క పొడవుగా ఉండాలి, దాని పై కొసను ట్రాలీకి తాడుతో కట్టాలి. మేం చేయనిది అదే. ఇంజిన్ ఆపి, ఫస్ట్ గేరు వేసి, క్లచ్ నొక్కిపట్టి నెట్టండి. ఆగాలంటే క్లచ్ వదిలితే చాలు, వెనక చక్రం బిగుసుకుంటుంది. ముందు బ్రేకును నమ్ముకోవద్దు. ఎక్కేటప్పుడు బరువు వెనక్కి పోతుంది కాబట్టి ముందు చక్రం జారిపోవచ్చు. సాయం పట్టేవాళ్లు చెరో పక్కన ఉండాలి, నేరుగా వెనక కాదు. స్టార్ట్ చేసి నడుపుతూ ఎక్కించే సినిమా హీరోలకు ఓ దండం!

పైకెక్కాక సైడ్ స్టాండ్ మీద వదిలేస్తే గతుకులకు ఒరిగిపోతుంది. ముందు చక్రాన్ని క్యాబిన్ వైపు గోడకు ఆనించి, హ్యాండిల్ దగ్గర నుంచి రెండు పక్కలా తాళ్లు లాగి, ముందు షాకబ్జార్బర్లు కాస్త కుంగేలా కట్టండి. వెనక మరో రెండు. కొంతదూరం పోయాక ఆగి, వదులయ్యాయేమో చూడండి.

మళ్లీ ఇల్లు మారినప్పుడు చెక్కకు తాడు మా బావమరిదే కట్టాడు. రెండుసార్లు లాగి చూసుకున్నాకే మమ్మల్ని బైకు ముట్టుకోనిచ్చాడు.